సున్నా, గీత, ఖాళీ

ఆ ఆఫీసులో ఆవిడని ఎదురుగా మేడమ్ అంటారు, వెనక గమనికలమ్మ అంటారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలుసని వాళ్ళకీ తెలుసు. పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ పని ఒక్కటే. దేశంలో ఉన్న బళ్ళు, పిల్లలు, టీచర్ల లెక్కలన్నీ పట్టికల్లోకి ఎక్కాక, వాటి అడుగున సన్నక్షరాలతో గమనికలు రాయడం. ఈ అంకెలో సాయంత్రం బళ్ళు కలపలేదనీ, ఆ ఏడాది వరదలొచ్చి రెండు జిల్లాల లెక్క అందలేదనీ. వాటిని చదివే నాథుడు లేడు. అయినా సరే, ఒక్క కామా అటూ ఇటూ అయితే ఒప్పుకునేది కాదు.

కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ మొదటి రోజే ఆవిడ దగ్గర పాఠం. గడిలో సున్నా వేస్తే ‘లేరు’ అని. అడ్డగీత పెడితే ‘ఉన్నారు గానీ వేరేచోట లెక్కేశాం’ అని. ఖాళీగా వదిలితే ‘మాకు తెలియదు’ అని. మూడూ ఒకటి కాదు. ఈ మూడింటినీ కలగాపులగం చేసినవాళ్ళని నిలబెట్టి కడిగేసేది. రిటైర్మెంటుకి ఆర్నెల్లున్న ఒక పెద్దాయన ఖాళీ వదలాల్సిన చోట సున్నా వేశాడని, అందరి ముందూ ఆయన చేత నలభై పేజీలు మళ్ళీ సరిచూపించింది. ఆయన దిగిపోయే రోజు సన్మానానికి ఆవిడని పిలవలేదు. పీడా పోయిందనుకుంది తప్ప ఇసుమంత కూడా బాధపడలేదు.

అలాంటి మనిషి నెత్తిమీదికి ‘పోలిక’ వచ్చి పడింది. ముప్పై ఎనిమిది దేశాల చదువుల లెక్కలు ఒక్క తెరమీద పెట్టే సాఫ్ట్‌వేర్ అది. రెండు దేశాలు ఎంచుకోవాలి, ఒక విషయం ఎంచుకోవాలి, నొక్కాలి. నీలం పట్టీ ఒకటీ నారింజ పట్టీ ఒకటీ పక్కపక్కనే లేస్తాయి. మనదే పొడుగైతే సంబరపడొచ్చు, పొట్టిదైతే ఏడవచ్చు. దాన్ని తయారుచెయ్యడానికి కాంట్రాక్టు మీద ఒక డిజైనరు వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, నెమ్మదిగా మాట్లాడతాడు, ఎంత తిట్టినా గొంతు పెంచడు. ఆవిడకి అదే మరీ ఒళ్ళుమంట.

అతను చేసిన మొదటి పని గమనికలు తీసెయ్యడం. తెర బరువెక్కిపోతోందట. చూసేవాళ్ళకి చిరాకట. గమనిక కావాలంటే పక్కనున్న చుక్క నొక్కాలి, తర్వాత ‘వివరాలు’ నొక్కాలి, ఆ తర్వాత కిందికి జరుపుకుంటూ పోయి ‘మరిన్ని’ నొక్కాలి. పంతొమ్మిదేళ్ళ చాకిరీ మూడు నొక్కుళ్ళ అవతల పాతిపెట్టాడని ఆవిడ డైరెక్టరు గదిలోకి వెళ్ళి అరిచింది. డైరెక్టరు ఆవిడ మాట విన్నట్టే విని, కొత్త సాఫ్ట్‌వేరు ముచ్చటగా ఉందన్నాడు. ఆ రోజు నుంచీ ఆవిడకీ డిజైనరుకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. కాఫీ మిషను దగ్గర అతనుంటే ఆవిడ ఎండు గొంతుతో వెనక్కి తిరిగి వచ్చేది. అతని మొహం కనపడకుండా కుర్చీ గోడవైపు తిప్పుకుంది. నాలుగు నెలల్లో డెబ్భై మూడు మెయిళ్ళు రాసింది, అన్నిటికీ అతను ‘గమనించాం, ధన్యవాదాలు’ అని జవాబిచ్చాడు. ఆ ‘గమనించాం’ అన్న మాట చూసినప్పుడల్లా ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కేది.

పోలిక జనం ముందుకొచ్చిన మూడోవారం ఒక పత్రిక దాన్ని తవ్వింది. అందులో ‘విశేషాలు’ అని ఒక మూల ఉంటుంది. వేరే ఏ దేశంలోనూ లేని వింత ఏదైనా మన లెక్కల్లో ఉంటే సాఫ్ట్‌వేరే పట్టుకుని చూపిస్తుంది. పట్టుకుంది. ఆసుపత్రి తరగతులు: టీచర్లు నాలుగువందల పన్నెండు మంది, పిల్లలు సున్నా. పిల్లలు లేని టీచర్లలో ముప్పై ఎనిమిది దేశాల్లోకీ మనమే ఫస్టు. మొదటి పేజీలో మన నారింజ పట్టీ ఒక్కటే ఒంటరిగా నిలబడి ఉన్న బొమ్మ వేసి, పక్కన కుర్చీలో కూర్చుని నిద్రపోతున్న టీచరమ్మ కార్టూను వేశారు. నాలుగో రోజుకల్లా విద్యాశాఖ నుంచి నోటీసు. నెలాఖరుకి ఆసుపత్రి తరగతులన్నీ మూసేస్తారు.

ఆ తరగతులంటే ఏమిటో చాలామందికి తెలియదు. నెలల తరబడి మంచాన పడి ఉన్న పిల్లలకి, టీచర్లు వార్డుల్లోకి వెళ్ళి మంచం మంచానికీ తిరిగి పాఠాలు చెబుతారు. ఆ పిల్లల పేర్లు వాళ్ళ సొంత బళ్ళలోనే ఉంటాయి, లెక్కా అక్కడే పడుతుంది. ఒకే పిల్లని రెండుసార్లు లెక్కెయ్యకూడదు గనక ఆసుపత్రి వైపు వెయ్యరు. అదంతా గమనికలో శుభ్రంగా రాసే ఉంది, మూడు నొక్కుళ్ళ అవతల.

నోటీసు వార్త వచ్చిన సాయంత్రం ఆవిడ భర్త ఆ పత్రిక మడిచి టేబుల్ మీద ఆవిడ ముందు పెట్టాడు. ఆయన కళ్ళద్దాల కొట్లో అద్దాలు అరగదీసే పని చేస్తాడు. రోజంతా నోరు మెదపకుండా చేసే పని, ఇంట్లోనూ అదే అలవాటు. ఆయన అన్నది రెండే మాటలు. తన చెల్లెలు ఆ నాలుగువందల పన్నెండులో ఒకతి అని ఒకటి. ఇది మీ ఆఫీసు నుంచే వచ్చింది కదా అని ఇంకొకటి.

ఆ చెల్లెలితో ఆవిడకి పదకొండేళ్ళుగా మాటల్లేవు. దానికి కారణం ఒక ఆదివారం భోజనం. అత్తగారు అప్పటికింకా ఉన్నారు. పదిమంది కూర్చున్న బల్ల దగ్గర ఆడపడుచు నవ్వుతూనే అంది, వదిన పిల్లల్ని కాగితం మీద తప్ప ఎక్కడ చూసిందిలే అని. లెక్కల గురించే అని ఉండొచ్చు. కానీ పెళ్ళయి పన్నెండేళ్ళయినా కడుపు పండని మనిషిని పట్టుకుని అంటే, అక్కడ అందరికీ అది ఇంకోలా వినపడింది. అందరూ కంచాల్లోకి చూసుకున్నారు. ఆవిడకి ఒళ్ళు తెలియలేదు. నోరు పారేసుకుంది.

"చచ్చిపోయే పిల్లలకి ఎక్కాలెందుకు?" అంది.

ఆ వారమే ఆడపడుచు వార్డులో ఒక పిల్లాడు పోయాడని ఆవిడకి తర్వాత తెలిసింది. ఆ రోజు ఆడపడుచు సగం తిన్న కంచం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. అంతే. అత్తగారు పోయినప్పుడు కూడా ఇద్దరూ చెరోపక్క నిలబడ్డారు. భర్త మాత్రం నెలకోసారి ఒక్కడే చెల్లెలింటికి వెళ్ళొస్తాడు. అక్కడేం మాట్లాడుకుంటారో ఆవిడ అడగదు, ఆయన చెప్పడు.

మర్నాడు ఆవిడ ఆఫీసుకి నిప్పులు కక్కుతూ వెళ్ళింది. ఆడపడుచు మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదు, అబద్ధమెందుకు. నాలుగు నెలలుగా తను మొత్తుకున్నది నిజమైంది, ఇక ఆ డిజైనరు గుడ్డలు విప్పి నిలబెట్టొచ్చని. అందరూ వినేలా అడిగింది. గమనికలు పాతిపెట్టినందుకు నాలుగువందల మంది పొట్ట కొట్టావు, ఇప్పుడేమంటావని. అతను కుర్చీ లాగి కూర్చోమన్నాడు. ఆవిడ కూర్చోలేదు.

అతను చెప్పింది ఇంతే. మిగతా ముప్పై ఏడు దేశాల్లోనూ ఆసుపత్రి తరగతులున్నాయి. వాళ్ళ పిల్లలు కూడా సొంత బళ్ళ లెక్కలోనే ఉన్నారు. కానీ వాళ్ళంతా ఆ గడిలో గీత పెట్టారు. గీత ఉంటే సాఫ్ట్‌వేర్ ఆ గడి జోలికి పోదు, పోలిక లేదని వదిలేస్తుంది. మనవాళ్ళొక్కరే సున్నా వేశారు. సున్నా అంటే లేరనే కదా మేడమ్, మీరే కదా నాకు మొదటి రోజు చెప్పారు అన్నాడు. వెటకారంగా కాదు, మామూలుగానే.

ఎవడు వేశాడు ఆ సున్నా అని ఆవిడ గయ్యిమంది. అతను ఆ గడి మీద నొక్కి దాని చరిత్ర తెరిచాడు. ప్రతి గడికీ ఉంటుందట, ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకి వేశారో. పాత పట్టికల నుంచి కూడా అంతా ఎక్కించాడు. ఏటా టీచర్ల అంకె మారుతూ వచ్చింది, పిల్లల సున్నా మాత్రం ముందేడాది పట్టికలోంచి అలాగే దిగుతూ వచ్చింది. వెనక్కి, వెనక్కి, పదకొండేళ్ళు వెనక్కి వెళ్ళాక ఒక సోమవారం ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకి ఆగింది. దాని పక్కన ఉన్న ఉద్యోగి నంబరు ఆవిడదే.

అప్పుడు కూర్చుంది.

పై వరస జైలు తరగతులది. అక్కడా అదే పరిస్థితి, పిల్లలు వేరేచోట లెక్కలో ఉన్నారు. ఆ గడిలో గీత ఉంది. తొమ్మిది గంటల ముప్పై ఎనిమిది నిమిషాలకి వేసింది. రెండు నిమిషాల తేడా. ఒకే చెయ్యి, ఒకే మనిషి, ఒకదానికి గీత, ఒకదానికి సున్నా. ఆ సోమవారం ముందు రోజు ఏ ఆదివారమో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. వేలు ఏ మీట మీద ఎలా దిగిందో కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. లేరు పో, అనుకుంది ఆ రోజు. గమనిక సరిగ్గానే రాసుకుంది గనక ఆ తర్వాత దాని ఊసే మర్చిపోయింది.

"చెయ్యి జారి ఉంటుంది లెండి," అన్నాడు డిజైనరు, తెర మూసేస్తూ.

నాలుగు నెలల్లో అతను ఆవిడకి చేసిన మంచి అదొక్కటే. దానికి కూడా ఆవిడకి కోపమే వచ్చింది.

గురువారం విద్యాశాఖ కార్యదర్శి ముందు సమావేశం పెట్టారు. ముందే డైరెక్టరు ఆవిడని పిలిచి దారి చెప్పాడు. సవరణ పత్రం ఒకటుంటుంది. తప్పు వేసినవాళ్ళే కారణం రాసి సంతకం పెడితే అంకె అదే రోజు మారుతుంది. కారణాలు మూడే ముద్రించి ఉంటాయి. అందిన లెక్కే తప్పు, లెక్కించే పద్ధతి మారింది, చెయ్యి జారింది. మూడోదాని మీద టిక్కు పెట్టండి, సున్నా పోయి గీత వస్తుంది, నోటీసు ఆగుతుంది, ఎవరికీ ఏ గొడవా ఉండదన్నాడు. ఆవిడ ఆ కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. ఆ రాత్రి భర్తకి ఏమీ చెప్పలేదు.

సమావేశం గదిలో పొడుగాటి బల్ల. ఒకవైపు కార్యదర్శి, డైరెక్టరు, గమనికలమ్మ, చివర్న డిజైనరు. ఎదురుగా ఆసుపత్రి టీచర్ల తరఫున ఇద్దరు. వాళ్ళలో ఒకతి ఆడపడుచు. పదకొండేళ్ళలో జుట్టు బాగా నెరిసింది. ఒళ్ళో ఒక చిరిగిన అట్ట రిజిస్టరు పెట్టుకుని, వదిన ఉన్న వైపు తప్ప గదంతా చూస్తోంది.

డైరెక్టరు చక్కగా వివరించాడు. చెయ్యి జారిందనీ, ఏటా అదే దిగుతూ వచ్చిందనీ, మా సిబ్బంది చింతిస్తున్నారనీ. కార్యదర్శికి వేరే పని ఉన్నట్టుంది, మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. సరే పత్రం ఇటివ్వండి అన్నాడు. గమనికలమ్మ కాగితం తీసి, మడత విప్పి, మూడో గడిలో టిక్కు పెట్టింది. సంతకం పెట్టబోయింది.

"మేడమ్ గారిని ఒక్క మాట అడగొచ్చా?" అంది ఆడపడుచు. వదినని మేడమ్ గారు అనడం అదే మొదలు. "చెయ్యి జారిందా?"

ఔనంటే అయిపోయేది. డైరెక్టరు బల్ల కింద కాలితో తన్నాడు కూడా. సంతకం పెట్టేసి లేచిపోతే ఆడపడుచు ఉద్యోగం నిలబడేది, తన ఉద్యోగం నిలబడేది, సాయంత్రం ఇంట్లో ఆయన మొహం కాస్త తేటపడేది. ఇవన్నీ ఆవిడకి ఒక్కసారే తట్టాయి. పంతొమ్మిదేళ్ళుగా ఎంతమందిని నిలబెట్టి కడిగేసిందో అదీ తట్టింది. అందరి ముందూ నలభై పేజీలు తిరగేసిన ఆ పెద్దాయన గుర్తొచ్చాడు.

"లేదు," అంది. "జైలు తరగతులకి గీత పెట్టాను. దీనికి కావాలని సున్నా పెట్టాను. కోపంతో పెట్టాను."

డైరెక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. కార్యదర్శి మొదటిసారి గడియారం మీంచి కళ్ళెత్తాడు. అయితే మీ ఆఫీసు ఇచ్చిన అంకెల్లో ఇంకెన్ని ఎవరెవరి కోపంతో వేసినవి అని అడిగాడు. ఇక గీత మార్చినా నేను నమ్మను, పిల్లలు నిజంగా ఉంటే ఈ పదకొండేళ్ళవీ పేర్లతో సహా లెక్కపెట్టి తెండి, సోమవారం దాకా టైమిస్తున్నాను, లేకపోతే నోటీసు ప్రకారం మూసెయ్యడమే అన్నాడు. ఆడపడుచు పక్కనున్న టీచరు గుండె బాదుకున్నంత పని చేసింది. అడిగి మరీ కొంప ముంచావు కదే అని చెవిలో అనడం అందరికీ వినపడింది.

ఆడపడుచు మాత్రం జంకలేదు. "గీత మాకూ వద్దండీ," అంది కార్యదర్శితో. "గీత పెడితే మళ్ళీ ఎవరికీ కనపడరు. అంకె వెయ్యండి."

సాయంత్రానికల్లా గమనికలమ్మ సీటు లాగేశారు. గోడవైపు తిప్పుకున్న ఆ కుర్చీలో రేపటి నుంచి ఎవరో కూర్చుంటారు. లెక్క మాత్రం మీరే తేల్చి తెచ్చుకోండి, తప్పు మీది కదా అన్నాడు డైరెక్టరు, సవరణ పత్రం చింపి బుట్టలో వేస్తూ. అలమరాలో తన సామాను సర్దుకుంటుంటే ఒక్కళ్ళూ దగ్గరికి రాలేదు. రావడానికి ఆవిడ ఎవరితో మంచిగా ఉంది గనక. డిజైనరు మాత్రం వచ్చి, అన్ని ఆసుపత్రులకీ ఒక ఫారం పంపాననీ, వచ్చినవి వచ్చినట్టు ఆవిడ ల్యాప్‌టాప్‌లో పడతాయనీ చెప్పి పోయాడు. ఆవిడ థాంక్స్ చెప్పలేదు. చెబుదామనుకునేలోపే అతను వెళ్ళిపోయాడు.

ఇంట్లో భర్తకి అంతా తనే చెప్పింది, గుక్క తిప్పుకోకుండా. ఆ రోజు నుంచీ నాకు తెలియకుండా నువ్వు దాని మీద కక్ష తీర్చుకుంటూనే ఉన్నావన్నమాట అన్నాడాయన. ఆ రాత్రి ముందు గదిలో పడుకున్నాడు.

శుక్ర, శనివారాల్లో రిజిస్టర్లు ఫొటోలు తీసి పంపారు అందరూ. ఒక్క ఆసుపత్రి నుంచే ఏమీ రాలేదు. ఆవిడ ఫోన్ చేయిస్తే, రిజిస్టరు బయటికి పంపేది లేదు, చూడాలంటే వచ్చి చూడమనండి అని జవాబొచ్చింది. ఎవరి జవాబో వేరే చెప్పాలా. ఆదివారం పొద్దున్నే చేతిసంచీ, పెన్నూ, తెల్లకాగితాలూ పట్టుకుని బయలుదేరింది.

మూడో అంతస్తులో పిల్లల వార్డు. పద్దెనిమిది మంచాలు. మందుల వాసన, కిటికీల్లోంచి ఎండ. ఒక మంచం మీద బోడిగుండు పిల్ల దిండుకి ఆనుకుని పలక మీద ఏదో రాస్తోంది. ఆ పక్క మంచంలో ఒకడు మొహానికి మాస్కు పెట్టుకునే భూగోళం బొమ్మకి రంగులేస్తున్నాడు. కాగితం మీద కాకుండా పిల్లల్ని ఇంత దగ్గరగా ఆవిడ చూసి ఎన్నేళ్ళయిందో ఆవిడకే తెలియదు. ఆడపడుచు కూర్చోమనలేదు. మంచినీళ్ళు అడగలేదు. మందుల అలమరా పక్కన ఉన్న చిన్న బల్ల మీద పదకొండు రిజిస్టర్లు దబ్బున పెట్టి, ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడింది.

ఆవిడ మొదలుపెట్టింది. పేరు, సొంత బడి, చేరిన తేదీ, చెప్పిన పాఠాలు. చివరి గడి ఎక్కాలది. ఎవరికి ఎంతవరకూ వచ్చాయో ఎప్పటికప్పుడు రాసుకుంది ఆడపడుచు. పన్నెండు దాకా. ఇరవై దాకా, తప్పుల్లేకుండా. తొమ్మిది తడబడుతున్నాడు, మళ్ళీ చెప్పాలి. కొందరి పేర్ల ఎదురుగా ‘ఇంటికి వెళ్ళాడు’ అని ఉంది. ఒక్కొక్క పేరుకీ తెల్లకాగితం మీద ఒకటి, ఒకటి అని వేసుకుంటూ పోయింది. ఆ నోటీసు తర్వాత వెనక్కి తీసుకున్నారు, ఆవిడ సీటు మాత్రం మళ్ళీ ఇవ్వలేదు. అవన్నీ తర్వాతి సంగతులు. అప్పటికి ఆవిడ పేర్లే లెక్కపెడుతోంది.

అన్నిటికంటే అడుగున ఉన్నది పదకొండేళ్ళ కిందటి రిజిస్టరు. మూడో పేజీలో ఒక పిల్లాడు. ఎక్కాల గడిలో ‘పదిహేడు, సగం దాకా’ అని ఉంది. తర్వాత తేదీల్లేవు, ‘ఇంటికి వెళ్ళాడు’ అనీ లేదు. అక్కడి నుంచి వరసంతా ఖాళీ. చివరి తేదీ చూసింది. ఆ ఆదివారానికి నాలుగు రోజుల ముందుది.

పెన్ను ఆగిపోయింది. ఏడాది మధ్యలో పేరు తెగిపోయిన పిల్లలకి ఏం వెయ్యాలో ఆఫీసులో నియమం ఉంది. ఆ నియమానికి గమనిక రాసింది కూడా ఆవిడే. లెక్కలోకి తీసుకోరు. చాలాసేపు ఆ గడినే చూస్తూ కూర్చుంది. కళ్ళకి ఏదీ ఆనడం లేదు. ఆడపడుచు మొహం చూసే ధైర్యం లేక, రిజిస్టరులోకే తలొంచుకుని అడిగింది.

"ఇక్కడేం వెయ్యాలి?"

పలక మీద బలపం గీస్తున్న చప్పుడు వినపడుతోంది.

"ఒకటి వెయ్యి వదినా," అంది ఆడపడుచు. "చదువుకున్నాడు. ముందు ఆ కళ్ళు తుడుచుకో, రిజిస్టరు తడుస్తోంది."